నాలుగో పీపా తరుగు

మొదలుపెట్టిన నాడు సైదయ్య చేతిలో ఉన్నది రెండు వందల పద్నాలుగు రూపాయలు, నవాబు టంకశాల హాలీ సిక్కా. నాయిన తోలిన ఎద్దుల జత అమ్మితే వచ్చిన సొమ్ము అది. ఎద్దులు ఊరికే నిలబడి గడ్డి తింటున్నాయి, అమ్మేద్దామంటే తల్లి సత్తమ్మ సరేనంది. బండి కూడా అమ్ముదామంటే మాత్రం, "బండి నీ తిండేమన్న తింటున్నదా?" అని నోరు మూయించింది. దాంతో సూర్యాపేటలో వాళ్ల ఇంటి గోడ పక్కన, కాడి నేలకు ఆనించుకుని, ఎద్దుల్లేని బండి మిగిలిపోయింది.

ఆ బండి సంగతి వాడకట్టంతా ఎరుగుదురు. రజాకార్ల గడబిడ ముదిరిన ఏడు, సైదయ్య నాయిన లచ్చయ్య ఎప్పటిలాగే బండి కట్టుకుని అంగళ్లకు బయలుదేరాడు. తిరిగి రావలసిన నాటికి ఎద్దులు బండిని ఇంటికి లాక్కొచ్చాయి. బండి మీద లచ్చయ్య లేడు. చచ్చాడని చెప్పినవాడు లేడు, బతికున్నాడని చెప్పినవాడూ లేడు. నవాబు రాజ్యం పోయింది, మిలిటరీ వచ్చింది, కచేరీ మీది జెండా మారింది. ఆ ఒక్క సంగతి మాత్రం తేలలేదు. సత్తమ్మ చేతి గాజులు తీయలేదు. పొద్దుగూకేసరికి వాకిట్లో కాళ్లు కడుక్కునే నీళ్ల చెంబు పెట్టడం మానలేదు.

"ఎన్నేండ్లు పెడతవే అక్కా ఆ చెంబు?" అని విసుక్కున్నాడు సైదయ్య మేనమామ నర్సయ్య. మిర్యాలగూడలో అతనికి వడ్ల మిల్లు ఉంది. "దీపావళి దాంక సూస్త. అప్పటికి పోరనికి సొంత పని కుదిరితే సరే, లేకుంటే ఇల్లుకు తాళమేసి ఇద్దరూ నా ఎంబడి రావాలె. బావకు చెయ్యాల్సిన కర్మ చేద్దాం. అల్లునికి లెక్కలు మంచిగొస్తయి, మిల్లుల కూసోని రాసుకుంటడు."

సైదయ్యకు ఆ మాట చెవిలో చీమ దూరినట్టుంది. ఒకరి మిల్లులో కూర్చుని ఒకరి బస్తాలు లెక్కపెట్టడానికా తను ఎక్కాలు నేర్చింది? తల్లి బాధ వేరు. ఇంటికి తాళం పడితే, వచ్చే మనిషి ఎక్కడికి రావాలి? ఇద్దరికీ కావలసింది మాత్రం ఒకటే. దీపావళి దాటినా సూర్యాపేట ఇంటి తలుపు తెరిచి ఉండాలి.

దారి చూపించింది యాకోబు. బర్మా యుద్ధంలో పల్టనుకు వంట చేసి వచ్చి, ఇప్పుడు ఆఫీసర్లు దిగే బంగ్లాలో వండుతున్నాడు.

"రమ్ము అంటే ఏందనుకున్నవ్‌ర? బెల్లం సారానే," అన్నాడు. "కాకపోతే కట్టె పీపాల పోసి నిద్రపుచ్చాలె. నిద్రల నల్లవడతది, నున్నగైతది. పెద్ద పీపాల అయితే ఏండ్లు పడుతది. చిన్న పీపాల సారాకు కట్టె ఎక్కువ తాకుతది, గందుకే జల్దీ అయితది. ఒక్కటి యాదిల పెట్టుకో, బాలింతను సూసుకున్నట్టు సూసుకోవాలె. కదిలించినవో, ఖతం."

"ఇంకుతదా అన్నా?"

"ఇంకుతది. గాలి కొంత తాగుతది, కట్టె కొంత తాగుతది. మీరైతే మైసమ్మకు సాక పోసినమంటరు, మేం తరుగు రాసుకుంటం."

బంగ్లాకు సారా పంపే గుత్తేదారు యాకోబు నాలుకను నమ్ముతాడు. దీపావళికి యాకోబు రుచి చూసి బాగుందంటే, సైదయ్య పీపాలను తన పట్టా కింద చేర్చుకుంటాడు, రోడ్డు మీద తిరగడానికి పర్మిట్ చీటీ కూడా ఇప్పిస్తాడు. సైదయ్య రాత్రికి రాత్రే లెక్క కట్టాడు. బెల్లానికింత, తండాలో కాచి ఇచ్చే ఫూల్‌సింగ్‌కింత, నెలకు తరుగింత. అంతా కుదిరింది. కట్టె ఒక్కటే కుదరలేదు. పచ్చి కట్టె వగరు దిగుతుంది, టేకు నూనె వాసన కొడుతుంది. ఎండకు ఎండి వానకు నాని ఆరిపోయిన పాత తుమ్మ కావాలి.

ఇంటి గోడ పక్కన నిలబడి ఉన్నది సరిగ్గా అదే.

తల్లి ఒప్పుకోదనే అనుకున్నాడు. సత్తమ్మ మాత్రం కాసేపు బండిని చూసి, "ఒక్క పుల్ల పొయ్యిల పెట్టొద్దు. ఉన్నదంత పీపాలకే వాడాలె," అంది. అంతే.

బండి చక్రాలు చేసే వడ్ల వీరాచారి జన్మలో పీపా చేసి ఎరుగడు. "చక్రాలు చేసిన చెయ్యి బిడ్డా ఇది. గుండ్రంగ ఉన్నదేదైనా నాకు చక్రమే," అన్నాడు. అన్నట్టే చేశాడు. పలకలు చిత్రిక పట్టి వంచి నిలబెట్టాడు. బండి చక్రాల ఇనప పట్టాలను కొలిమిలో సాగగొట్టించి, ఎర్రగా కాలుతుండగానే పీపాలకు ఎక్కించి నీళ్లు గుమ్మరించాడు. ఇనుము బిగుసుకుంది, నాలుగు పీపాలు తయారయ్యాయి. నాలుగోదానికి కట్టె చాలక, లచ్చయ్య కూర్చుని బండి తోలిన ముందు పలకను కూడా కలిపాడు. ఆ పలక ఒకవైపు అరిగి ఉండటంతో నాలుగో పీపా కొంచెం వంకరగా తేలింది.

అంతవరకూ బాగానే ఉంది. చివర్లో ముసలాయన అలవాటు పోనిచ్చుకోలేదు. కొత్త చక్రాలకు చేసినట్టే పీపాలకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, రోడ్డుకేసి తిప్పి పెట్టి, ఒక్కోదాన్ని మూడు సార్లు దొర్లించి, "పోయి సుఖంగ రా," అని నాలుగింటికీ నాలుగు సార్లు చెప్పాడు.

బెల్లం సారా పోసి, బిరడాలు బిగించి, చీకటి కొట్టంలో పడుకోబెట్టాడు సైదయ్య. ఆ తర్వాత మంగళవారం తెల్లారి చూస్తే కొట్టం ఖాళీ.

"అమ్మా! పీపాలు దొంగలెత్తుకపోయిన్రే!"

సత్తమ్మ కల్లాపి చల్లుతూ తలెత్తలేదు. "దొంగలెందుకు ఎత్తుకపోతర్ర? బేస్తారం కోదాడ అంగడి గదా. మంగళారం ఎల్లితేనే అందుతది."

బయటికి ఉరికి చూశాడు. వాకిట్లోంచి రోడ్డు దాకా దుమ్ములో నాలుగు చారలు. ఎదురింటి లక్ష్మీనర్సమ్మ చాట చెరుగుతూ, "మీ పీపాలు ఇప్పుడే పోయినయి బిడ్డా. లారీ వస్తే పక్కకు జరిగి మల్ల పోయినయి. బుద్ధి గలవి," అంది.

బుద్ధి! సైదయ్యకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కదిలిస్తే ఖతమన్న సరుకు కోదాడకు దొర్లుతూ పోతుంటే, ఈవిడ బుద్ధి మెచ్చుకుంటోంది.

లచ్చయ్య బండి పోయిన తోవనే పోయాయి పీపాలు. మోతె మీదుగా కోదాడ, అక్కణ్ణుంచి హుజూర్‌నగర్, ఆదివారానికి మిర్యాలగూడ అంగడి, మూసీ దాటి మళ్లీ మంగళవారానికి ఇల్లు. మూడు కలిసి వచ్చాయి. నాలుగోది గంట తర్వాత, కుంటి మనిషిలా ఊగుతూ వచ్చింది. నాలుగూ కొట్టంలోకి పోయి వాటి చోట్లలో పడుకున్నాయి. వారం విశ్రాంతి, మళ్లీ ప్రయాణం.

వీరాచారి మీదికి పోయాడు సైదయ్య. "పీపాకు పోయి రా అని ఎవడన్న చెప్తడా తాతా?"

"చెప్పకుంటే అపశకునం గాదు బిడ్డా?"

"ఇప్పుడు వద్దని చెప్పు మరి!"

"పోయే దాన్ని వద్దంటే అంతకన్న అపశకునం," అని ముసలాయన బాడిసె అందుకున్నాడు.

సైదయ్య పీపాలను మోకుతో పందిరి గుంజకు కట్టేశాడు. మంగళవారం గుంజ కూడా కోదాడ పోయింది. గొళ్లెం పెట్టి తాళమేశాడు. పొద్దుటి నుంచి లోపల పాలు పిండే వేళ దాటిన బర్రెలు కొట్టుకున్నట్టు దబదబ. పక్కింటివాళ్లు మొత్తుకుంటే సత్తమ్మే తాళం తీసింది. "పోనియ్‌ర, అంగడి ఏళ మించుతున్నది," అని పైగా అతన్నే కసిరింది. నిలువునా నిలబెడితే దొర్లలేవు కదా అని నిలబెట్టాడు. అవి కదల్లేదు. కానీ పలకలు ఎండి, సందుల్లోంచి సారా చెమట పట్టినట్టు కారడం మొదలైంది. మళ్లీ పడుకోబెట్టి వదిలేస్తే, పాలేటి నీళ్లలో మూసీ నీళ్లలో నాని, బిగుసుకుని, చుక్క కారకుండా తిరిగొచ్చాయి. చక్రం ఊరికే నిలబడితే పగులుతుందని వీరాచారి ముందే చెప్పాడట. ఎప్పుడు చెప్పాడో సైదయ్యకు గుర్తు లేదు.

తోవలో సుంకం వసూలు చేసే నాకా దగ్గర జవాను ఆపుతాడేమో, పీపాలు అక్కణ్ణుంచి వెనక్కి తిరుగుతాయేమో అని కూడా ఆశపడ్డాడు. జవాను ఆపలేదు. ఎందుకని సైదయ్య పోయి నిలదీస్తే, "మనిషి లేని సరుకుకు సుంకం ఎవరి పేరున రాయాలె?" అని అడిగాడు.

ఇవన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది తరుగు. ప్రతి ప్రయాణం తర్వాత బిరడా తీసి, వెదురు పుల్ల ముంచి కొలిచేవాడు. మూడు పీపాల తరుగు అతను కట్టిన లెక్కకు అచ్చంగా సరిపోయేది. నాలుగోదాంట్లో మాత్రం ప్రతిసారీ ఒక లోటాడు ఎక్కువ పోయేది. కారిన మరక లేదు. ఒక్కోసారి పీపాకు అంటుకుని ఎండిన బురదలో అయిదు వేళ్ల ముద్ర ఉండేది.

"ఎవడో తాగుతున్నడే అమ్మా! సరిగ్గ లోటాడు. ఎక్కువ లేదు, తక్కువ లేదు. దొంగకు ఇంత లెక్కెందుకు?"

బియ్యంలో రాళ్లు ఏరుతున్న సత్తమ్మ చెయ్యి ఆగింది. "లోటాడేనా?"

"లోటాడే."

ఆమె మళ్లీ రాళ్లు ఏరుకుంది. కానీ ఆ సాయంత్రం వాకిట్లో చెంబు పక్కన తుండుగుడ్డ కూడా పెట్టింది. దొంగ సంగతి పట్టించుకోకుండా తుండుగుడ్డలేమిటని సైదయ్యకు ఒళ్లు మండింది.

దొంగను పట్టుకుందామని ఒక మంగళవారం పీపాల వెనకే నడిచాడు. ఎత్తు వస్తే పీపాలు మెల్లగా ఎక్కేవి, పల్లం వస్తే అతను ఉరికేవాడు. వంకర పీపా ఊరికే గుంతల్లో పడేది, దాన్ని లేపడం అతని వంతు. కోదాడ చేరేసరికి చెప్పులు తెగాయి. పీపాలు నాలుగూ సరాసరి సుందరమ్మ పూటకూళ్ల ఇంటి ముందుకు పోయి ఆగాయి. సుందరమ్మ కుండెడు నీళ్లు తెచ్చి నాలుగింటి మీదా పోసింది.

"లచ్చయ్య గారి అబ్బాయివా నువ్వు? నడక చూస్తేనే తెలుస్తోంది. కూర్చో బాబూ, అన్నం తిను."

"అన్నం తర్వాత. నాలుగో పీపాల లోటాడు తీస్తున్నది నువ్వేనా?"

ఆమె నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆదివారం గుడిలో పాటలు పాడేదాన్నయ్యా నేను. ఆ వాసనొస్తే పాస్టరమ్మ నన్ను బెంచీ మీద కూర్చోనిస్తుందా? మీ నాన్నయితే తాగేవాడు. తిరుగు ప్రయాణంలో ఒక్క లోటా. రెండోది పోయమన్నా పోయించుకునేవాడు కాదు."

"మరి ఎవరు?"

"ఇక్కడికి నాలుగూ కలిసే వస్తాయి, కలిసే పోతాయి. హుజూర్‌నగర్ అవతలే ఏదో అవుతోంది." ఆమె గొంతు తగ్గించింది. "బండ్లలో దళాలకు ఎవరు బియ్యం చేరవేశారు, ఎవరు అన్నం పెట్టారు అని మిలిటరీ వాళ్లు ఇంకా జాబితాలు చదువుతున్నారు బాబూ. పగలు రోడ్డెక్కలేనివాళ్లు ఎంతమంది లేరు?"

సైదయ్యకు ఆ మాట సగమే ఎక్కింది. తెగిన చెప్పులూ తప్పిన లెక్కా మిగతా సగానికి చోటివ్వలేదు. హుజూర్‌నగర్ దాటగానే మిలిటరీ వాళ్లు ఆపారు. పర్మిట్ చీటీ లేని మనిషి ముందుకు పోవడానికి లేదన్నారు.

"ఆ పీపాలు పోతున్నయి గదా సాబ్!"

"పీపాలకు చీటీ అక్కర లేదు. మనిషికి కావాలె."

పీపాలు మలుపు తిరిగాయి. వంకరది అన్నిటికంటే వెనక. సైదయ్య అక్కడే నిలబడి, చేతిలో తెగిన చెప్పును దుమ్ములోకి విసిరికొట్టి, కాసేపయ్యాక మళ్లీ పోయి తెచ్చుకున్నాడు.

దీపావళి వారం నర్సయ్య జోడెడ్ల బండి కట్టుకుని మిర్యాలగూడ నుంచి వచ్చేశాడు. సామాను ఎక్కించడానికి గడ్డి కూడా పరుచుకొచ్చాడు. "నీ పీపాలు ఆదివారం నా మిల్లు ముందర్నే ఆగినయి అల్లుడా. హమాలీలు వాటి మీద కూసోని బీడీలు తాగిన్రు. అవి నిద్రపోవుడా! నిన్నే నిద్రపోనిస్తలేవు గదా!"

యాకోబు చిన్న గాజు గ్లాసు జేబులో పెట్టుకుని వచ్చాడు. మంగళవారం పగలు మూడు పీపాలు గడప దాటి లోపలికి వచ్చాయి. నాలుగోది రాలేదు.

సైదయ్య తల దించుకుని బిరడా తీశాడు. కదిలిస్తే ఖతమన్న సరుకును నెలల తరబడి రాళ్ల రోడ్డు మీద దొర్లించి తెచ్చి, అదే మాట చెప్పినవాడి చేతికివ్వాల్సి వచ్చింది. యాకోబు గ్లాసును ఎండకు పెట్టి చూశాడు. చింతపండు పులుసంత నల్లగా ఉంది. ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచి గ్లాసును మళ్లీ ఎండకు పెట్టి చూశాడు.

"చెప్పన్నా. తిట్టేదుంటే తిట్టు."

"ఓడల ఊగి వచ్చిన రమ్ము ఒక్కసారి తాగిన రంగూన్ల. పెద్ద సాబ్ సీసాల అడుగున మిగిలింది," అన్నాడు యాకోబు. "మల్ల ఇగ తాగననుకున్న. ఎవడ్రా నీకు చెప్పింది దీన్ని కదిలించొద్దని?"

"నువ్వే!"

"నాకేం తెలుసు? నేను వంటోణ్ణి," అని యాకోబు రెండో గుక్క తాగి, జేబులోంచి గుత్తేదారు సంతకం చేసిన పర్మిట్ చీటీ తీసి సైదయ్య చేతిలో పెట్టాడు. "సంతకం ముందే తీసుకున్న. బాగలేకుంటే చింపేద్దమనుకున్న. ఇగ ఈ రోడ్డు మీద నిన్నెవడూ ఆపడు."

నర్సయ్య బండిలో పరిచిన గడ్డి పిడికెడు తీసి తన ఎద్దులకు పెట్టాడు. ఇంటికి తాళం పడదని అందరికీ అర్థమైంది. ఎగిరి గంతేయాల్సిన సైదయ్య మాత్రం రోడ్డు వైపే చూస్తున్నాడు.

"నాలుగోది యాడ సచ్చింది?"

నాలుగోది మర్నాడు పొద్దున కూడా రాలేదు. దాని కబురు వచ్చింది. తండా ఎడ్ల మీద ఉప్పు వేసుకొస్తున్న ఫూల్‌సింగ్ వాకిట్లో ఆగి చెప్పాడు. "నీ పీపా హుజూర్‌నగర్ అవతల వాగు మలుపుల ఉన్నది. గుంతల పడ్డది. నేనూ నా పెండ్లాం మంగ్లీ కలిసి లేపినం, మల్ల గుంతలనే కూసున్నది. గుట్ట దిక్కు మొకం పెట్టి కూసున్నది. ఇంటికి రానంటున్నది."

"ఎన్నడు పడలేదా గుంతల? ప్రతిసారి వస్తలేదా?" అన్నాడు సైదయ్య చిరాగ్గా.

"ప్రతిసారి దాన్ని ఎవరో లేపి తోవల పెడుతున్నరు గదరా," అంది సత్తమ్మ వెనక నుంచి. గొంతు మామూలుగానే ఉంది. "లోటాడు తాగి తోసేటోడు ఉన్నడు. ఈసారి తోయలేదంటే, ఆయనకు పానం బాగలేదన్నట్టు."

సైదయ్యకు ఎక్కకుండా మిగిలిన సుందరమ్మ మాట సగం అప్పుడెక్కింది. పీపా మీది బురదలోని అయిదు వేళ్లు గుర్తొచ్చాయి. ఇన్ని నెలలుగా ఆ ముద్రను దొంగదనుకుని, ప్రతిసారీ తిట్టుకుంటూ తనే కడిగేశాడు.

"నర్సిగా, ఎద్దుల్ని కట్టు," అంది సత్తమ్మ. "మిర్యాలగూడకు కాదు."

"అక్కా, అటు మిలిటరీ..."

"పోరని చేతుల చీటీ ఉన్నది. పీపా మాది. మా పీపాను మేం తెచ్చుకుంటం. గడ్డి ఎట్లాగూ పరిచినవు, అట్లనే ఉండనియ్యి. పండుకోనొస్తది."

నర్సయ్య తన తలపాగా విప్పి గడ్డి మీద పరిచి, కాడి ఎత్తాడు. ఎక్కడ విన్నాడో వీరాచారి వచ్చాడు. పిలవకుండానే చక్రాలకు పసుపు రాసి, బండిని రోడ్డుకేసి తిప్పించాడు. "పోయి సుఖంగ రాండ్రి," అన్నాడు. ఈసారి సైదయ్య కసురుకోలేదు.

సత్తమ్మ వాకిట్లో చెంబును, తుండుగుడ్డను అలాగే ఉంచి, లోపలికి పోయి సద్ది మూట కట్టుకొచ్చింది. సైదయ్య అలవాటు కొద్దీ చూశాడు. జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, పచ్చిపులుసు ముంత, తినేందుకు మూడు ఆకులు. పోయేది తనూ అమ్మా. ఇద్దరికి మూడు ఆకులేమిటని నోటిదాకా వచ్చింది. ఎవరి లెక్క తప్పినా దిద్దకుండా ఉండలేనివాడు, ఆ ఒక్కటీ దిద్దలేదు.

మూటను గడ్డిలో ఒదిగేలా పెట్టి, ఒక లోటాను దాని పక్కన బోర్లించి, తోలేవాడి పలక మీదికెక్కి పగ్గాలు చేతిలోకి తీసుకున్నాడు.